విన్నది తిరిగి చెప్పు

కుట్టుమిషను గది,
ఆదివారం మధ్యాహ్నం

మూడో సీటు గారికి,

గారు అన్నానని ఉలిక్కిపడకు. ఆర్నెల్లుగా మాటల్లేని మనిషిని ఎలా పిలవాలో తెలియక కోపంతో గారు తగిలించాను. ఇది నా అంతట నేను రాస్తున్న ఉత్తరం కూడా కాదు, గోరింక రాయమంది. నీకు పదిసార్లు ఫోన్ చేసిందట, నువ్వు ఎత్తలేదట. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఏళ్ళు ఊరందరి ఫోన్లూ కలిపినదానివి, నీ ఇంట్లో ఫోన్ మోగితే ఎత్తడానికి నీకేమొచ్చింది?

సంగతేమిటంటే, ఆటోమేటిక్ మిషను వచ్చి మన ఎక్స్ఛేంజి మూతపడి వచ్చే నెలకి పదేళ్ళు. తలో దిక్కూ పోయాక నలుగురం ఒక్కచోట కూర్చుని టీ తాగింది లేదు. అందుకని గోరింక, "పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేలా ఆ పాత రాజధాని చూసొద్దామే. కాళ్ళూ కళ్ళూ ఉండగానే చూడాలి" అంది. ఇరవై ఏళ్ళు రెండో సీటులో కూర్చుని నోరు మూయని మనిషి ఇప్పుడేం మూస్తుంది? సూపర్వైజరమ్మ కూడా వస్తానంది. ఆవిడకి డెబ్భై నిండాయి, అయినా "ఎవరక్కడ మాటలు?" అని ఇప్పుడు అరిచినా నా వెన్ను దానంతటదే నిటారవుతుంది.

అక్కడ కోట ఉంది, ఏడు గేట్లున్నాయి, మ్యూజియం ఉంది. గుసగుసల గది అని ఒకటుందట. ఒక మూల గోడకి నోరు ఆనించి గుసగుసలాడితే, ఎదురు మూలలో నిలబడ్డవాళ్ళకి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుందట. మధ్యలో ఉన్నవాళ్ళకి మాత్రం ఏమీ వినపడదట. "మన పాముచెవుల దాని కోసమే కట్టించినట్టున్నారు" అంది గోరింక, నిన్ను తలుచుకుని.

నువ్వొస్తే నేను మానేద్దామనుకున్నాను. మళ్ళీ, తప్పు చేసింది నువ్వయితే మానేది నేనెందుకు అనిపించింది. ఆ రోజు ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలో గింగిరాలు తిరుగుతూనే ఉంది. వస్తావో రావో గోరింకకి రాసెయ్యి, నాకు రాయక్కర్లేదు.

నాలుగో సీటు


పోగొట్టుకున్న వస్తువుల గది, బస్టాండు,
మంగళవారం

నాలుగో సీటు గారికి,

నీ గారు అందింది. నా గారు కూడా పుచ్చుకో, చెల్లుకి చెల్లు.

ఉత్తరం వచ్చేసరికి నా బల్ల చుట్టూ నలభై ఒక్క గొడుగులు, ఒక ఎడమకాలి బూటు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు ఉన్నాయి. బస్సుల్లో జనం ఏమేం మరిచిపోతారో ఈ గదిలో కూర్చుంటేనే తెలుస్తుంది. గొడుగంటే సరే, వాన వెలిశాక ఎవరికీ గుర్తుండదు. పళ్ళు మరిచిపోయి దిగిన మనిషి ఇంటికెళ్ళి భోజనానికి ఎలా కూర్చున్నాడా అని రెండు వారాలుగా బెంగపెట్టుకున్నాను.

ఈ మధ్య మా గదికి కొత్త బోర్డు పెట్టించాను. "పోయిన వస్తువు వివరాలు కాగితం మీద రాసి ఇవ్వవలెను. నోటిమాట చెల్లదు." మా ఆఫీసరు చూసి, "ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదండీ ఈ ఆలోచన" అని మెచ్చుకున్నాడు. పని ఎంత సులువైందో చెప్పలేను.

ప్రయాణం నాకు కుదరదు. మోకాళ్ళు సహకరించవు, సెలవు దొరకదు. గుసగుసల గది కోసం అంత దూరం దేనికి?

ఇక నేనేదో అన్నానంటున్నావు. ఏమన్నానే? నువ్వే ఫోన్ చేశావు, మీవారికి ప్రమోషన్ అన్నావు. పద్దెనిమిదేళ్ళుగా ఆ నీళ్ళ ఆఫీసులో అదే కుర్చీలో అరిగిపోతున్న మనిషి కదా, నాకు ఆనందం పట్టలేదు. "ఇన్నాళ్ళకా! ఆయనకది ఎప్పుడో రావాల్సిందే! స్వీట్లెప్పుడు పెడుతున్నావు?" అన్నాను. నువ్వు ఠక్కున ఫోన్ పెట్టేశావు. స్వీట్లు అడగడం అంత నేరమా? మొగుడు పై కుర్చీ ఎక్కగానే పక్క కుర్చీ కంటికి ఆనకుండా పోయిందా? కోపం నీకొక్కదానికే వచ్చిందనుకోకు. ఆర్నెల్లుగా నేనూ కుతకుతలాడుతూనే ఉన్నాను.

నీళ్ళ ఆఫీసు దొరగారికి నా అభినందనలు మరోసారి చెప్పు.

మూడో సీటు


కుట్టుమిషను గది,
గురువారం, ఉత్తరం అందిన పూటే

ఒసేయ్ మూడూ,

ప్రమోషనా?

నిలబడి చదువుతున్నదాన్ని, ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి స్కూలు యూనిఫారాల కుప్ప మీద కూలబడ్డాను. ప్రమోషన్ కాదే తల్లీ, ఆపరేషన్! ఆయనకి గుండె ఆపరేషన్ అన్నారు, ఎల్లుండే అన్నారు. డాక్టరు ఆ మాట చెప్పి వెళ్ళగానే నేను చేసిన మొదటి ఫోన్ నీకే. "మా ఆయనకి ఆపరేషనే" అన్నాను. "ఆయనకది ఎప్పుడో రావాల్సిందే, స్వీట్లెప్పుడు" అన్నావు. నా చోట నువ్వుంటే ఏం చేసేదానివో చెప్పు.

ఈ ఆర్నెల్లూ ఆ మాటని అరగదీస్తూనే ఉన్నాను. మా ఆయన మీద దీనికింత పగ ఎందుకా అని పాతికేళ్ళ వెనక్కి వెళ్ళి వెతికాను. వెతికితే దొరకనిదేముంది, ఒక కారణం దొరికింది కూడా. అదేమిటో చెప్పనులే, సిగ్గేస్తోంది.

ఆయన బాగున్నారు. నాలుగు నెలలుగా ఆఫీసుకి కూడా వెళ్తున్నారు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే గుండె పట్టుకుని మరీ నవ్వారు. "అలా నవ్వకండీ, కుట్లు!" అని నేను హడలిపోయాను. "కుట్లు ఎప్పుడో మానాయిగానీ, ప్రమోషన్ ఇంకా రాలేదని ఆవిడకి రాయి" అన్నారు.

తప్పు మనిద్దరిదీ. మొదటి రోజు సూపర్వైజరమ్మ మనకి నేర్పిందేమిటి? నంబరు అడిగినవాళ్ళకి విన్నది తిరిగి చెప్పాలి. వాళ్ళు అవునన్నాకే "కలుపుతున్నాను" అని ప్లగ్గు పెట్టాలి. తిరిగి చెప్పని నంబరు కలపకూడదు. ఇరవై ఏళ్ళు ఊరివాళ్ళందరికీ తిరిగి చెప్పాం, మన దగ్గరికొచ్చేసరికి ఇద్దరం మరిచిపోయాం. నువ్వు తిరిగి చెప్పలేదు, నేను చెప్పమనలేదు. ఆ రోజు లైను పాడై ఉంటుంది. లేకపోతే నీ చెవికి తప్పు పోవడమా? అవతలి ఊళ్ళో వాన పడుతోందో లేదో లైను హోరు విని చెప్పేదానివి.

మోకాళ్ళ కబుర్లు నా దగ్గర వద్దు. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను. ఎల్లుండి సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను, ఎత్తు. నీ గొంతు వినాలనుంది.

నాలుగు


తమ్ముడి ఇంటి వసారా,
ఆదివారం

నాలుగూ,

ఏ ముఖం పెట్టుకుని రాయను? నీ ఉత్తరం చదివి మా మరదలి ముందే ఏడ్చేశాను. పాపం ఎవరో పోయారనుకుని ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

నువ్వు ఆస్పత్రిలో ఉంటే నేను స్వీట్లు అడిగాను! మా అమ్మ పోయిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. హెడ్ఫోన్లు పెట్టుకుని పక్కపక్కనే కూర్చునేవాళ్ళం, నోరు విప్పడానికి లేదు, అందుకే బల్ల మీద వేళ్ళతో తట్టుకునేవాళ్ళం. ఒక తట్టు అంటే సూపర్వైజరమ్మ వస్తోంది, రెండు తట్లంటే నా లైను కాస్త చూడు, మూడు తట్లంటే టీ. ఆ రోజు కబురు నా బోర్డుకే వచ్చింది. నేను రెండు తట్లు తట్టి లేచిపోయాను. ఎందుకని నువ్వు అడగలేదు. సాయంత్రం దాకా రెండు బోర్డులూ నువ్వొక్కదానివే చూశావు. అలాంటిదానికి నేను చేసింది ఇదీ.

ఔను, లైను పాడై ఉంటుంది. ఆ రోజు అంతా గరగరమంది.

నిన్న ఆరింటికి నువ్వు ఫోన్ చేసే ఉంటావు. బస్టాండులో ఆలస్యమైపోయిందే, ఏమనుకోకు. ఫోన్లెందుకులే, ఉత్తరమైతే పదిసార్లు చదువుకోవచ్చు.

ప్రయాణానికి వస్తాను. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళనన్నావు చూడు, ఇక నా మోకాళ్ళకి నోరెక్కడిది? బస్సులో కిటికీ పక్క సీటు మాత్రం నాకే కావాలి. నువ్వు నా కుడిపక్కన కూర్చో.

మూడు


మా ఇంటి మెట్ల మీద,
ప్రయాణమైన మూడో రోజు

మూడూ,

ఇంకా అరికాళ్ళు మండుతున్నాయి. ఏడు గేట్లన్నారుగానీ నా లెక్కకి పదకొండు. ప్రతి గేటు దగ్గరా సూపర్వైజరమ్మ చేతికర్ర ఎత్తి మనల్ని లెక్కపెట్టింది, నలుగురిలో ఎవరో తప్పిపోయి శత్రువులతో కలిసిపోతారన్నట్టు. మ్యూజియంలో రాజుగారి కత్తి చూసి గోరింక, "ఇంత బరువు మోస్తే ఇక యుద్ధం చేయడానికి ఓపికెక్కడిది? అందుకే ఓడిపోయుంటాడు" అంది. అక్కడ కాపలా ఉన్నతను కూడా నవ్వాడు. నువ్వూ నవ్వావు. కాకపోతే అందరం నవ్వాక, మా మొహాలు చూసి నవ్వావు.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు.

బస్సులో నేను నీ కుడిపక్కనే కూర్చున్నాను. దారంతా నువ్వే మాట్లాడావు. నేనేమడిగినా ఇంకో కబురు చెప్పావు. "మీ ఆఫీసరు మంచివాడేనా?" అన్నాను, "ఔను, ఎండ ఎక్కువగానే ఉంది" అన్నావు. పరధ్యానమేమో అనుకున్నాను.

ఆ తర్వాత గుసగుసల గది. సూపర్వైజరమ్మ "నాకు లోపల పడదు, బయట కూర్చుంటాను" అంది. గోరింక ఫొటోల కోసం వెళ్ళింది. నువ్వా మూల, నేనీ మూల. గోడకి నోరు ఆనించి నీకొక సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి అది. చెప్పి వెనక్కి తిరిగి చూస్తే నువ్వు పకపకా నవ్వుతూ, "విన్నాను, విన్నాను!" అని అరిచావు. అది నవ్వే సంగతి కాదే. నా ప్రాణం చివుక్కుమంది. అంతలో ఎందుకో అనుమానం వచ్చి మళ్ళీ గోడకి తిరిగి, "వినపడితే చెయ్యి ఎత్తు" అన్నాను. నువ్వు నవ్వుతూ తల ఊపావు. చెయ్యి ఎత్తలేదు.

మూడోది, కోట లోపలి రాతిబెంచీ. గోరింక వెనకనుంచి రెండుసార్లు పిలిచినా నువ్వు తిరగలేదు, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నావు. దూరంగా సూపర్వైజరమ్మ వస్తోంది. నేను పాత అలవాటు కొద్దీ బెంచీ మీద ఒక్కసారి తట్టాను. నువ్వు నా వైపు చూడనైనా చూడకుండా పొట్లం తీసి వెనక దాచేశావు! ఉద్యోగం వదిలి పదేళ్ళయ్యాక, రిటైరైన సూపర్వైజరుకి భయపడి వేరుశెనక్కాయలు దాచుకునేవాళ్ళు ఈ లోకంలో నువ్వు తప్ప ఎవరూ ఉండరు. పిలుపు అందలేదుగానీ, రాతిలోంచి తట్టు అందింది.

అక్కడ అందరి ముందూ అడగలేదు. ఇక్కడ అడుగుతున్నాను. ఆ గదిలో నేను చెప్పింది విన్నానన్నావు కదా. విన్నది తిరిగి చెప్పు.

నాలుగు


పోగొట్టుకున్న వస్తువుల గది,
శుక్రవారం

నాలుగూ,

తిరిగి చెప్పలేను.

ఈ ఒక్క వాక్యం రాయడానికి వారం పట్టింది. మధ్యలో నీకు మూడు అబద్ధాలు రాసి చించేశాను. ఒకదాంట్లో గాలి హోరన్నాను, ఒకదాంట్లో నీకు గుసగుసలాడటం రాదన్నాను, మూడోది మరీ సిగ్గుచేటు, అది రాయను.

నాకు వినపడటం లేదే. ఎడమ చెవి పోయి రెండేళ్ళు దాటింది. కుడిది కూడా ఏడాదిగా మూసుకుపోతోంది. గోడ అవతల నుంచి మాట్లాడుతున్నట్టుంటుంది. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొస్తున్నాను. ఫోన్లో పెదవులుండవు కదా. ఆ రోజు నీ మాట చివర్లో "షన్" మాత్రమే నాకు అందింది. ముందు సగం నేనే కల్పించుకున్నాను. నీకు మంచే జరగాలని కోరుకుంటాను కాబట్టి ప్రమోషన్ కల్పించుకున్నాను. లైను శుభ్రంగా ఉంది. పాడయింది నేను.

నా గొప్ప బోర్డు కథ కూడా ఇదే. ఒకాయన వచ్చి "గొలుసు పోయింది" అంటే నలభై ఒక్క గొడుగులూ ఆయన ముందు పరిచాను. ఆయన నన్ను చూసిన చూపు మర్చిపోలేను. ఆ మర్నాడే బోర్డు పెట్టించాను. ఆఫీసరు మెచ్చుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటావు. నాకు వేరే ఏముంది చెప్పు? అందం లేదు, పెద్ద చదువు లేదు. పాముచెవులు ఒక్కటే నా గొప్ప. అవతలి ఊళ్ళో వాన వినేది అన్న పేరు పోయి చెవిటి మాలోకం అన్న పేరు వస్తుందే, అది నేను ఓర్చుకోలేను. మా తమ్ముడికి తెలిస్తే ఉద్యోగం మాన్పించి ఒక మూల కూర్చోబెడతాడు. ప్రేమతోనేలే, కానీ కూర్చోబెడతాడు.

ఆ గదిలో నీ వీపు మాత్రమే కనపడింది. నువ్వేదో చెబుతున్నావని భుజాలు చూసి తెలుసుకున్నాను. తిరిగేసరికి ఏదో ఒకటి అనాలి కదా, నవ్వాను. నువ్వు చెప్పింది ఏడుపు సంగతని నాకేం తెలుసు? అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఏం చెప్పావో రాసి పంపవే. కళ్ళతోనన్నా వింటాను. ఎవరికీ చెప్పకు.

మూడు


కుట్టుమిషను గది,
సోమవారం

మూడూ,

నీ మాట తిరిగి చెబుతున్నాను, సరిచూసుకో. నీకు వినపడటం లేదు. రెండేళ్ళుగా దాస్తున్నావు. పేరు పోతుందని భయం, మూల కూర్చోబెడతారని భయం. సరిపోయిందా? సరే, ఇక నా మాట విను.

నీకు బుద్ధుందా? కాళ్ళ నొప్పి వస్తే ఊరంతా చెప్పుకుంటాం, చెవి పోతే దొంగసొత్తులా దాస్తావా? పోయిన వస్తువుల గదిలో కూర్చున్న మనిషివి, పోయినదాన్ని వెతుక్కోవాలని నీకే తట్టలేదా?

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరమే రాలేదు. మొన్న సూపర్వైజరమ్మ ఫోన్ చేసి, "మూడో సీటుకి వినపడటం లేదు, చూశావా?" అంది. నేను నీళ్ళు నమిలాను. "నమలకు. తల ఊపడం చూస్తే నాకు తెలియదా? నేనూ రెండేళ్ళు ఊపాను. నాలుగేళ్ళుగా నా కుడిచెవిలో మిషనుంది, జుట్టు కింద ఉంటుంది. ఆ గుసగుసల గదిలో పెట్టుకుంటే కీచుమంటుందని బయట కూర్చున్నాను" అంది. మనందరినీ చెవులు నిక్కబొడుచుకుని వినమని చంపుకుతిన్న మనిషి!

ఆవిడ వెళ్ళే చెవి డాక్టరు అడ్రసు ఇందులో పెట్టాను. మీ బస్టాండు నుంచి రెండు స్టాపులే. "ఇది ఆర్డరని రాయి" అంది సూపర్వైజరమ్మ. అందుకని అలాగే రాస్తున్నాను. ఇది ఆర్డరు.

ఇక నేను ఆ మూలలో చెప్పింది. అది రాయను. రాయగలిగేదైతే ఎప్పుడో రాసేదాన్ని. గోడకి తప్ప ఎవరికీ చెప్పలేకపోయాను. నీకు వినపడే రోజు రానీ, మళ్ళీ అక్కడికే వెళ్దాం, మళ్ళీ చెబుతాను. బెదిరింపు అనుకుంటావో ఆశపెట్టడం అనుకుంటావో నీ ఇష్టం.

నాలుగు


పోగొట్టుకున్న వస్తువుల గది,
బుధవారం, వాన

నాలుగూ,

ఆర్డరు అమలు చేశాను.

మూడుసార్లు ఆ వీధి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నాలుగోసారి వాన పట్టుకుంది, తడవకూడదని లోపలికి దూరాను. ధైర్యమని మెచ్చుకోకు, వానే నెట్టింది.

ఒక చిన్న గాజుగదిలో కూర్చోబెట్టి తలకి హెడ్ఫోన్ పెట్టారే. ఆ బరువు మళ్ళీ నెత్తి మీద పడగానే నా చెయ్యి దానంతటదే ముందుకొచ్చి ప్లగ్గు కోసం తడుముకుంది. ఎదురుగా బల్ల ఖాళీగా ఉంది. పక్కన నువ్వు లేవు. చప్పుడు వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. ఇరవై ఏళ్ళు అదే పని చేసిన మనిషిని, ఇప్పుడు బొత్తాం పట్టుకుని కూర్చుంటే నిమిషాలు గడిచిపోతున్నాయి, నొక్కడానికి ఏమీ రావడం లేదు. అక్కడ కాస్త ఏడ్చాను. పరీక్ష చేసే అమ్మాయి కంగారుపడి బయటికి తీసుకొచ్చి, నా ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా నెమ్మదిగా మాట్లాడింది. ఎడమది ఇక రాదట. కుడిది మిషను పెడితే చాలా మటుకు వస్తుందట.

పది రోజులయింది పెట్టుకుని. మొదటి రోజు పిచ్చెక్కినంత పనయింది. న్యూస్‌పేపరు తిప్పితే అడవి తగలబడినట్టుంది. నా చెప్పులు ఇంత చప్పుడు చేస్తాయని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. మా మరదలు పనిచేసుకుంటూ పాట పాడుకుంటుందని ఇప్పుడే తెలిసింది, పాపం శ్రుతి లేదు. తమ్ముడికి చెప్పేశాను. నేననుకున్నట్టే "ఉద్యోగం మానెయ్యక్కా" అన్నాడు. "ఏమిటీ, మళ్ళీ చెప్పు?" అన్నాను. చెప్పాడు. "వినపడలేదు" అన్నాను. నాలుగోసారికి వాడికే అర్థమైంది.

ఆఫీసరుకి కూడా చెప్పి, బోర్డు తీసేస్తానన్నాను. ఆయన తల గోక్కుని, "తీయకండి. రాసి ఇవ్వడం మొదలెట్టాక జనం అబద్ధాలు మానేశారు" అన్నాడు. అలా నా దొంగతనం ఆఫీసు నియమమైంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. బస్టాండు రద్దీలో ఇంకా అంతా కలగాపులగమే. ఫోన్లో ఇంకా కష్టమే, ఉత్తరాలు మానకు. కానీ ఇప్పుడు ఇది రాస్తుంటే, మా రేకు మీద వాన పడుతోంది. నాకు వినిపిస్తోంది. అవతలి ఊరి వాన కాదులే, నా నెత్తి మీది వానే. చాలు.

కట్టుడు పళ్ళాయన కూడా వచ్చాడు. కాగితం మీద "పళ్ళు" అని రాసిచ్చి, నోరు మూసుకుని నిలబడ్డాడు.

ఎప్పుడు వెళ్దాం?

మూడు


కుట్టుమిషను గది,
శనివారం

మూడూ,

వచ్చే ఆదివారం, ఏడింటి బస్సు. ఈసారి మనిద్దరమే. గోరింకకి చెప్పకు, తెలిస్తే ఆ గదిలో గుసగుస దానిదే అవుతుంది. మా ఆయన, "ప్రమోషన్ ఆర్డరు తేవడానికి వెళ్తున్నారా?" అని ఆటపట్టిస్తున్నారు.

నిజం చెప్పనా, నాకే భయంగా ఉంది. మొదటిసారి వినపడదని తెలియక చెప్పేశాను. ఇప్పుడు వినపడుతుందని తెలిసి చెప్పాలి. అయినా చెబుతాను.

నాలుగు


తమ్ముడి ఇంటి వసారా,
మంగళవారం పొద్దున్న

నాలుగూ,

అక్కడే నీకు తిరిగి చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. బస్సులో చెబుదామనుకుంటే పక్కన జనం. అందుకే రాస్తున్నాను.

కుడిచెవి గోడకి ఆనించగానే ముందు మిషను కీచుమంది. అయిపోయింది, ఈసారి కూడా ఇంతే అనుకున్నాను. అమ్మాయి నేర్పినట్టు చిన్న మీట కిందికి తిప్పాను. కీచు ఆగింది. ఆ తర్వాత రాతిలోంచి నీ ఊపిరి వచ్చింది. మాట ఇంకా మొదలవలేదు, ముందు ఊపిరి. అది నీదేనని నాకు వెంటనే తెలిసింది, ఇరవై ఏళ్ళు పక్కన విన్నది కదా.

ఇప్పుడు విన్నది తిరిగి చెబుతున్నాను. నువ్వన్నది ఇది:

"ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారే. తలుపు మూసేశారు. మూడు గంటలు బయట కూర్చున్నాను. పక్కన ఎవరూ లేరు. నాకు తెలియకుండానే బల్లి మీద రెండుసార్లు తట్టాను. నా లైను చూసేవాళ్ళు ఎవరూ లేరు. నీ మీద కోపంతో కాదు, నువ్వు లేవని ఏడ్చాను."

బల్లి దగ్గర నాకు కాస్త అనుమానంగా ఉంది. బల్ల అన్నావో బల్లి అన్నావో సరిగ్గా అందలేదు, చివరి గుణింతం గోడ మింగేసింది. ఆస్పత్రిలో బల్లులుంటే ఉండొచ్చు, కానీ నువ్వు వాటిని తట్టేంత ధైర్యవంతురాలివి కావు.

నేను గది దాటి వచ్చి నీ పక్కన కూర్చున్నాను. నీ చెయ్యి రాతి మీద ఉంది. నేను రెండుసార్లు తట్టలేదు, గమనించావా? రెండు తట్లు అడిగేవాళ్ళు తట్టాలి. అడిగింది నువ్వు. ఇన్ని నెలలు ఆలస్యంగా అందింది. నీ లైను నేను చూస్తాను. ఇప్పటినుంచి ఎప్పుడు తట్టినా చూస్తాను. గట్టిగా తట్టు, అంతే.

తిరిగి చెప్పడం అయింది. సరిపోయిందా?

మూడు


కుట్టుమిషను గది,
గురువారం

మూడూ,

బల్లి కాదే, బల్ల. మిగతాదంతా సరిపోయింది.

కలుపుతున్నాను.

నాలుగు